దోమతెర మీద ముకెనె

నా చేతిలోని కాగితంలో ఐదు గళ్ళున్నాయి.
ఒకటి: అసలు భయం లేదు. ఐదు: చాలా భయం.
మధ్యలో ఎక్కడో ఓ టిక్కు పెట్టి
సాయంత్రం పడవకి ఎంటెబ్బే వెళ్ళిపోవచ్చు నేను.

ల్యాబులో కొత్త దోమలు పుట్టాయట.
అన్నీ మగవే, కుట్టవు.
వాటి సంతానంలో ఆడవి పుట్టవు,
కొన్నేళ్ళకి మలేరియా మాటే మాసిపోతుందట.
ఈ దీవి మీద వదులుతారు.
ముందు జనం ఏమంటారో కనుక్కు రమ్మన్నారు నన్ను.

నమియోంబ గుమ్మంలో చేపలు ఆరుతున్నాయి,
గోరంత ముకెనె, వెండి రజనులా,
సర్కారిచ్చిన దోమతెర మీద.
దోమల శాస్త్రం చదివిన ఒడోంగో నా చెవిలో గొణిగాడు,
"చూశావా వీళ్ళ తెలివి."
నేనూ నోట్సులో రాసుకున్నాను: అవగాహన లోపం.
ఆ పేజీ ఇంకా ఉంది. చింపలేదు.

మూడోరోజు, చీకటి పడ్డాక, ఆమే కదిపింది.
"ఇసుకలో ఆరేస్తే సగం ధర.
తెర మీద ఆరేస్తే పెద్దపిల్ల ఫీజు.
తెరలు రెండిచ్చారు, మేం ఏడుగురం.
ఎవర్ని లోపల పడుకోబెట్టను, ఎవర్ని దోమలకి వదలను?
నీ కాగితంలో ఆ ప్రశ్న ఉందా?"
లేదు.

సెబలము ముసలాయనకి
జన్యువంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పబోయాను.
ఓపిగ్గా విన్నాడు. వల దారం పళ్ళతో తెంపాడు.
"బొమ్మ బావుంది. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పిందట,
నిద్రజబ్బు ఈగ వచ్చిందని దొరలు పడవలు తెచ్చారు,
దీవి ఖాళీ చెయ్యండి, మీ మేలుకే అన్నారు.
ఈగ పోగానే కబురు పెడతామన్నారు.
కబురొచ్చేసరికి ఇళ్ళలో అడవి మొలిచింది,
ఎవరి సమాధి ఎక్కడో ఎవరికీ తెలీలేదు.
అప్పుడు ఈగ. ఇప్పుడు దోమ."
గొంతులో కోపం లేదు. సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించుకున్నాడు.

ఈ మాటని ఏ గడిలో పెట్టను?
నాలుగా? ఐదా?
ఇది భయం కాదు, లెక్క.
వందేళ్ళ పాత బాకీ, ఎవరూ చెల్లు రాయనిది.

ఆదివారం రేవులో సభ.
ఒడోంగో దోమని మనిషంత చేసి గోడ మీద చూపించాడు,
పిల్లలు కేకలు పెట్టారు, కుక్కలు మొరిగాయి.
పక్క దీవికి ఎగిరితే వాళ్ళనెవరు అడుగుతారని ఒకడు.
మనసు మారితే వెనక్కి పిలవగలరా అని ఒకామె,
అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు.
చివరికి సారా అమ్మే నల్వోగ లేచింది.
"పోయినేడు నా నడిపివాణ్ణి జ్వరం పట్టుకుపోయింది.
దోమ మీద నాకు జాలి లేదు. రేపే వదలండి.
కానీ తప్పు జరిగితే ఎవరి తలుపు కొట్టాలి?
ఆఫీసు పేరు వద్దు. మనిషి పేరు చెప్పండి."

ఒడోంగో నా వైపు చూశాడు.
నేను కాగితం వైపు చూశాను.
నీళ్ళు పడవల అడుగుని నాకుతున్న చప్పుడు.

ఎంటెబ్బేలో పెద్దాయన ఒక్కటే అడిగారు,
"ఎంత శాతం ఒప్పుకున్నారు?"
నల్వోగని ఎటు లెక్కపెట్టాలో తెలీక
నలభై రెండు పేజీలు రాశాను.
ఆయన వేలు అంకె కోసం వెతుక్కుంటూ
పేజీల మీద జారిపోయింది.

దోమలింకా సీసాల్లోనే ఉన్నాయి.
ఒడోంగో మాత్రం రెండోసారి నాకు చెప్పకుండా వెళ్ళి,
రేవు గోడ మీద సున్నంతో
తన పేరు, ఫోన్ నంబరు రాసొచ్చాడట.
మొదటి కాల్ నమియోంబ నుంచి.
దోమ గురించి కాదు.
చేపలు ఆరేసుకునే వల
చవగ్గా ఎక్కడైనా దొరుకుతుందా, అని.